ఓకము విలియము: ఆతని లాఘవన్యాయమును, దారిద్ర్యవివాదమును

పాశ్చాత్యుల తర్కశాస్త్రచరిత్రమున ‘ఓకము మంగలికత్తి’ యను వ్యవహార మొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. అవసరము లేనిదే పదార్థములను పెంచి కల్పింపరా దనుట దాని తాత్పర్యము. కత్తి వెండ్రుకలను గొఱిగివేయునట్లు వ్యర్థకల్పనలను గొఱిగివేయునది గనుక దాని కీ పేరు వచ్చినది. మన నైయాయికులు కల్పనాలాఘవ మని వ్యవహరించునది యిట్టిదే. అర్ధమాత్ర తగ్గినను వైయాకరణులు పండుగ చేసికొందు రను ప్రతీతియుఁ గలదు కాని, యది శబ్దలాఘవము, ఇది పదార్థలాఘవము.

తర్కము చెప్పువారే కాక ప్రకృతిశాస్త్రములు చెప్పువారును నేఁ డీ మాటను దఱచుగా వాడుదురు. కాని మాట వ్యాపించినంతగా మనుష్యుని చరిత్రము వ్యాపింపలేదు. ఆ కత్తిని చేతఁబట్టినవాఁ డొక భిక్షు వనియు, ఆతఁడు తన ధర్మపీఠముతో విరోధించి జీవితమునఁ గడపటి పందొమ్మిదేండ్లు వెలివడి పరదేశమునఁ గడపె ననియు దాని పేరు విన్నవారిలోఁ బెక్కు రెఱుఁగరు. ఆతఁడు తర్కమునం దవలంబించిన దృష్టికిని, ఆతనిని స్వదేశమునకు దూరము చేసిన వివాదమునకును సంబంధము కలదా యను ప్రశ్నయే యీ వ్యాసమునకు విషయము. పండితు లీ యంశమున నేకాభిప్రాయులు కారు. సంబంధము కల దనియే మా తలంపు. ఐతే యది సిద్ధాంతములయం దంతగాఁ గాక, పదముల యర్థములను విడఁదీసి చూచు పద్ధతియందుఁ గలదు.

భిక్షుసంఘము - విద్యాపీఠము

13వ శతాబ్దారంభమున నిటలీదేశమందలి యస్సీసీ పట్టణమువాఁడగు ఫ్రాన్సిసు తండ్రి సంపదను విడనాడి, భిక్షాటనమే జీవనముగా నొక సంఘమును నెలకొల్పెను. 1209లోఁ బోపు మూఁడవ యిన్నొసెంటు దాని కనుమతి యొసఁగెను. ఫ్రాన్సిసు 1226లోఁ జనిపోయెను. అంతకు రెండేండ్లకు ముందే, 1224లో, నాతని యనుచరు లింగ్లండునఁ గాలు పెట్టిరి. వారు తమ్ముఁ దాము ‘అల్పసోదరులు’ అని చెప్పుకొనెడివారు. ప్రాచీనమఠములలోని సన్న్యాసికి సొంత మేమియు లేకున్నను, మఠమునకు భూములును ధాన్యమును నుండెడివి. ఫ్రాన్సిసు సంఘమువా రట్లు గాక, వ్యక్తులుగా నైనను సంఘముగా నైనను దేనికిని యజమానులము గా మని వ్రతము పట్టిరి.

ఈ వ్రతమునఁ దొలినుండియు నొక చిక్కు గలదు. భిక్షువు నివసించు నిల్లు, చదువు పుస్తకము, తిను రొట్టె యెవ్వరివి? 1279లోఁ బోపు మూఁడవ నికొలాసు దీనికొక వ్యవస్థ చేసెను. ఆ వస్తువులపై స్వామ్యము ధర్మపీఠమునకును, కేవలోపయోగము భిక్షువులకును నుండు నని యాతని శాసనము. సంఘమునఁ గొందఱు దీనితోఁ దృప్తిపడిరి. మఱికొందఱు వ్రతము నింకను గఠినముగాఁ బాలింపవలె నని పట్టుపట్టి శిక్షలకు లోనైరి. అట్టివారిలో నొకఁడగు తొలెంతీనో తోమాసు స్వదేశమునఁ జెఱనుండి, విడుదల యైన పిదపఁ దూర్పుదేశములకు వచ్చి, 1321లో మన దేశమున బొంబాయికి సమీపమందలి ఠాణాలో మఱి మువ్వురు భిక్షువులతోఁ గూడఁ జంపఁబడెను. ఆ కాలపు వివాద మెంత దూరము వ్యాపించెనో దీనివలనఁ దెలియును.

దరిద్రవ్రతులైనను వీరు విద్యను విడువలేదు. పారిసు, ఆక్స్‌ఫర్డు విద్యాపీఠములలో నీ సంఘపు భిక్షువు లాచార్యపీఠముల నలంకరించిరి. అచ్చటి బోధనక్రమము మన పండితులకుఁ గ్రొత్త గాదు. ఒక మూలగ్రంథమును గైకొని, ప్రశ్నమును నిలిపి, పూర్వపక్షముల నెన్ని, సిద్ధాంతమును జెప్పి, పూర్వపక్షముల కొక్కొకదానికి సమాధాన మిచ్చుట వారి పద్ధతి. ఇది మీమాంసకుల యధికరణరచనను జ్ఞప్తికిఁ దెచ్చును. తర్కమునకు మూలము అరిస్టాటిలు గ్రంథములు. దైవశాస్త్రమునకు మూలము 12వ శతాబ్దమునఁ బీటరు లొంబార్డు కూర్చిన వాక్యసంగ్రహము. ఆచార్యపదవిని గోరు ప్రతి విద్యార్థియు నీ రెండవదానిపై నుపన్యసింపవలసి యుండెను.

విలియము విద్యాభ్యాసము

లండనునకు నైరృతిదిశ నున్న సర్రీ మండలమున నోక మను పల్లెలో విలియము 1287 ప్రాంతమున జనించెను. చిన్నతనముననే భిక్షుసంఘమునఁ జేరెను. 1306 ఫిబ్రవరి నెలలో సౌత్‌వార్కునందు దీక్షాక్రమములో నొక మెట్టగు నుపడీకను పదవిని బొందెను. 1317 మొదలు 1319 వఱకు నాక్స్‌ఫర్డులో లొంబార్డు గ్రంథముపై నుపన్యాసము లిచ్చెను. ఆచార్యపదవికిఁ గావలసిన నియమములన్నియు నెఱవేర్చినను, ఆ పీఠ మాతనికి దక్కలేదు. అట్టివానిని లాటినుభాషలో ‘ఇన్‌సెప్టరు’, అనఁగా నారంభకుఁడు, అందురు. విలియమునకు ‘పూజ్యారంభకుఁడు’ అను బిరుదు దీనివలననే కలిగెను. తరువాతివారు కొంద ఱీ పదమును దప్పుగా గ్రహించి, ఒక మతమును స్థాపించినవాఁ డని యర్థము చెప్పిరి. పదముల సందర్భమును విడిచి యర్థము కల్పించుట యెట్టి పొరపాటులకుఁ దావగునో జీవితమంతయుఁ జెప్పినవానికే యిట్టి పొరపాటు తటస్థించుట వింత.

1321 ప్రాంతమునుండి మూఁడేండ్లు సంఘపు విద్యాగృహ మొకదానిలో నాతఁడు బోధించెను. అది లండనునందలిదే యని పెక్కురి యభిప్రాయము. అచ్చట నాతనితోఁ గూడ వాల్టరు చాటను, ఆదాము వుడముఁ డను భిక్షువు లుండిరి. మొదటివాఁడు ప్రతివాది, రెండవవాఁడు శిష్యప్రాయుఁడు. 1323 ప్రాంతమున విలియము తన తర్కసమాహారమును రచించెను. ఆతని కీర్తికి ముఖ్యాధార మా గ్రంథమే.

సామాన్యవిచారము

సోక్రటీసు మనుష్యుఁడు; ప్లేటోయు మనుష్యుఁడే. ఇరువురకు నొకే పదము చెల్లుటకుఁ గారణ మేమి? ఇరువురియందును మనుష్యత్వ మను నొక ధర్మ ముండుటచేత నని మన నైయాయికు లందురు. ఆంధ్రుఁడగు నన్నంభట్టు తర్కసంగ్రహమును జదివిన ప్రతి బాలుఁడును, సామాన్యము నిత్య మనియు, ఏక మనియు, అనేకములయం దనుగతమై యుండు ననియు నేర్చినవాఁడే. ఐరోపాఖండముననుఁ దత్సదృశమైన వాదములు పెక్కు గలవు. వానిలో మిక్కిలి సూక్ష్మమైనది డన్సు స్కోటసు మతము. స్కోటసును నిదే సంఘపు భిక్షువు. 1308లోఁ గొలోను నగరమునఁ జనిపోయెను. మనుష్యస్వభావము వస్తువులయందే కల దనియు, దానిని సోక్రటీసునకో ప్లేటోకో పరిమిత మొనర్చు ‘ఇదంత్వ’ మను తత్త్వము వేఱొకటి కల దనియు, ఆ రెంటికిని వస్తుభేదముకంటెఁ దక్కువదియు బుద్ధికల్పితభేదముకంటె నెక్కువదియు నగు నొక భేదము కల దనియు నాతఁడు చెప్పెను. విలియము స్కోటసు శిష్యుఁ డని పూర్వులు కొందఱు వ్రాసిరి కాని కాలము సరిపడదు. విలియ మాక్స్‌ఫర్డునకుఁ జదువ వచ్చునప్పటికే స్కోటసు పారిసునకు వెడలిపోయెను.

విలియము స్కోటసు నెంతయు గౌరవించుచునే యాతని వాదమును ఖండించెను. లోకమున నున్నది వ్యక్తులే. ప్రతివస్తువును దనంతఁ దానే వ్యక్తి. దానిని వ్యక్తి నొనర్చుటకు మఱియొక తత్త్వ మక్కఱలేదు. సోక్రటీసునందును ప్లేటోయందును నొకే స్వభావము వస్తురూపమున నున్న దనుకొందము. ఈశ్వరుఁడు సోక్రటీసును సమూలముగా నాశ మొనర్చునెడల, ఆతనిలో భాగమైన యా స్వభావమును నశింపవలెను. అది నశించినఁ బ్లేటోయు మిగులఁడు. ఒక మనుష్యుని నాశమువలన సకలమనుష్యులును నశింతు రనుట యసంగతము. కావున వ్యక్తులయం దనుగతమైన వస్తువు లేదు. సామాన్య మనునది బుద్ధియం దుండు నొక చిహ్నము మాత్రమే. పొగ నిప్పునకు సహజచిహ్న మైనట్లు, ఆ బుద్ధిచిహ్నము పెక్కువ్యక్తులను సహజముగాఁ దెలుపును.

ఇంతమాత్రమున విలియము బౌద్ధులవలె నపోహవాది యని తలంపరాదు. గోత్వ మనఁగా నగోవ్యావృత్తి యని బౌద్ధుల వాదము. విలియ మట్లనఁడు. సోక్రటీసు గాడిదతోఁ గంటెఁ బ్లేటోతో నెక్కువ పోలియుండుట సత్యమే. కాని యా పోలిక కాతనియందుఁ గాని ప్లేటోయందుఁ గాని యున్న మూఁడవ వస్తువు కారణము కాదు; వా రిరువురును స్వరూపముచేతనే పోలియున్నారు. సంబంధములనుగూర్చియు నాతఁ డిట్లే వాదించెను. సంబంధము వేఱొక వస్తు వైనచో, ఒకఁడు తన వ్రేలు కదల్చినంతనే యాకాశమునందును భూమియందును గల ప్రతివస్తువునకును దూరసామీప్యములు మాఱును గనుక, లోకమంతయుఁ గ్రొత్తధర్మములతో నిండిపోవలసి వచ్చును. సమవాయమును వేఱుపదార్థముగా నంగీకరించినచో ననవస్థ వచ్చునని శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున వైశేషికులపైఁ జూపిన దోష మిచ్చట స్మరణీయము. అరిస్టాటిలు చెప్పిన పదివర్గములలో ద్రవ్యగుణములు మాత్రమే వస్తువు లనియు, తక్కినవి యా వస్తువులనే వేఱువేఱు తెఱఁగులఁ జెప్పు పదము లనియు విలియము తేల్చెను. శాస్త్రప్రామాణ్యముచే దైవవిషయమునఁ గొన్ని సంబంధములను మాత్ర మాతఁ డంగీకరింపవలసివచ్చెను.

ఇచ్చట నాతని శీలమును దెలుపు నొక విశేషము గలదు. బుద్ధియందలి సామాన్యము చిత్రమువలె బుద్ధి నిర్మించుకొను నొక కల్పితాకార మని యాతఁడు మొదటఁ జెప్పెను. ఆ యాకార మేల, తెలివియను క్రియయే చిహ్నము కావచ్చును గదా యని చాట నాక్షేపించెను. విలియ మీ యాక్షేపము న్యాయ్య మని గ్రహించి, తన పూర్వమతమును విడిచి, జ్ఞానక్రియయే సామాన్య మని నిర్ణయించెను. ఇతరుల కల్పనలపైఁ బ్రయోగించిన కత్తిని దన కల్పనపైనను బ్రయోగించుకొనుట యందఱు తార్కికులకును సాధ్యము కాదు.

పదము, పదార్థము

తర్కసమాహారమునఁ బదము వాక్యమునందు దేనికి బదులుగా నిలుచు నను విచారము ముఖ్యమైనది. మూఁడు వాక్యములను జూడుఁడు: ‘మనుష్యుఁడు పరుగెత్తుచున్నాఁడు’, ‘మనుష్యుఁ డనునది జాతి’, ‘మనుష్యుఁ డనునది నాలుగక్షరముల పదము’. మొదటివాక్యమునఁ బద మొక వ్యక్తికి బదులుగా నిలిచినది. రెండవదానిలో బుద్ధియందలి చిహ్నమునకు, మూఁడవదానిలోఁ దన రూపమునకే బదులుగా నిలిచినది. శబ్దశాస్త్రమున శబ్దము స్వరూపమును దెలుపు నని పాణిని సూత్రించుటయు, అగ్నికి విధించిన ప్రత్యయము నిప్పునకుఁ గాక యగ్నిశబ్దమునకు వచ్చుటయు మన విద్యార్థు లెఱిఁగినదే. పరిమితవిషయమున మన వైయాకరణులు చెప్పిన యీ భేదమును విలియము తర్కమంతటికిని వ్యాపింపఁజేసెను. రెండవవాక్యమందలి పదమును మొదటివాక్యమందలి యర్థమునఁ గ్రహించి, జాతి యను వస్తువు కలదని యూహించుటయే వస్తుసామాన్యవాదుల పొరపా టని యాతని యాశయము. పదమున్నంతమాత్రమునఁ బ్రత్యేకపదార్థ ముండవలె నను నియమము లేదు.

ఇఁక మంగలికత్తి సంగతి. ఆ పేరున నేఁడు ప్రచారమునందున్న లాటినువాక్యము విలియము గ్రంథములలో నెచ్చటను గానరాదు. దాని నా రూపమునఁ గూర్చినవాఁడు జాను పంచి యను 17వ శతాబ్దపు భిక్షువు. అది యాతఁడు 1639లోఁ బ్రకటించిన స్కోటసు వ్యాఖ్యయందుఁ గలదు. కత్తి యను పోలికయు విలియమునకుఁ బిదప వచ్చినదే. విలియము తన గ్రంథములలో దఱచుగాఁ జెప్పినది, అవసరము లేనిదే బహుత్వము నంగీకరింపరా దనియు, కొలఁదింటితో నగు పనికిఁ బెక్కింటిని వినియోగించుట వ్యర్థ మనియు మాత్రమే. ఇదియు నాతని క్రొత్తసృష్టి గాదు; అరిస్టాటిలునందును, స్కోటసునందును దీనికి మూలము గలదు. విలియమునకుఁ జెందిన విశేషము, అవసర మనఁగా నేమో స్పష్టపఱచుటయే. స్వతస్సిద్ధమైనది, అనుభవముచేఁ దెలిసినది, శాస్త్రవచనముచే నిశ్చితమైనది, వీనినుండి యుక్తిచే వచ్చునది: ఇవి దక్కఁ దక్కినవాని నంగీకరింపఁ బనిలేదు. ప్రత్యక్షానుమానశబ్దములను బ్రమాణములుగా గణించు మనకు నీ లెక్క సుపరిచితమే.

అవిన్యోను పిలుపు

1309 మొదలు పోపులు రోమును విడిచి, ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున నవిన్యోను నగరమున నివసించుచుండిరి. 1316లోఁ బీఠమెక్కిన యిరువదిరెండవ జాను ధర్మశాస్త్రమునఁ గడుఁ బ్రవీణుఁడు, పట్టుదల గలవాఁడు. ఆక్స్‌ఫర్డు విద్యాపీఠాధ్యక్షపదవినుండి 1322లోఁ దొలఁగింపఁబడిన జాను లటరెలు విలియము గ్రంథములనుండి 56 వాక్యముల నేఱి, దోషయుక్తము లని యచ్చట నివేదించెను. 1324లో విలియము పోపుసభకుఁ బిలువఁబడెను. పరీక్షకసంఘమున నాఱుగు రుండిరి. అభియోగము తెచ్చిన లటరెలు వారిలో నొకఁడు! పరిమాణము ద్రవ్యగుణములకంటె వేఱు కా దను నాతని తర్కమతము పవిత్రప్రసాదవిషయమైన ధర్మసిద్ధాంతమునకు భంగకర మను శంక యభియోగములలో ముఖ్యమైనది. 1326లో సంఘమువారు తమ యభిప్రాయముల నొసఁగిరి. కొన్ని వాక్యములను దీవ్రముగా నిందించిరి. కాని పోపు వానిపైఁ దుదితీర్పు నెన్నఁడును వెలువరింపలేదు. విలియ మా నగరముననే నిలిచియుండెను.

దారిద్ర్యవివాదము

ఇంతలో భిక్షుసంఘమున కంతటికిని సంకటము వాటిల్లెను. 1318లో వ్రతకాఠిన్యపక్షమువారు నలుగురు మార్సేయి నగరమున సజీవదహనము చేయఁబడిరి. 1322లోఁ బెరూజియా నగరమున సమావేశమైన సంఘసభ, క్రీస్తును నాతని శిష్యులును వ్యక్తులుగాఁ గాని సమష్టిగాఁ గాని స్వామ్యము లేనివారై యుండి రని ప్రకటించెను. అప్పుడు సంఘనాయకుఁడు చెసేనా మికాయేలు. పోపు జాను వెంటనే 1279 నాఁటి వ్యవస్థను రద్దుచేసి, భిక్షువుల వస్తువులపైఁ బీఠమునకుఁ గల స్వామ్యమును విడిచివేసెను. మఱుసటియేఁడు, 1323 నవంబరులో, పెరూజియావాదము మతవిరుద్ధ మని శాసించెను.

పోపుయొక్క యుక్తి తేలికగాఁ ద్రోయఁదగినది గాదు. ఇల్లు, పుస్తకము మొదలగువానిని యజమాని యొకఁడై యుండఁగా వేఱొకఁ డుపయోగింపవచ్చును. కాని రొట్టె తిన్నంతనే లేకుండఁబోవును. ఉపయోగముచేతనే నశించు వస్తువుపై నుపయోగమును స్వామ్యమును వేఱుచేయుట యెట్లు? తినిన రొట్టెకు రోమునందలి పీఠము యజమానియై యుండె ననుట మాటమాత్రమే గదా? హక్కు లేనిదే యుపయోగించువాఁ డన్యాయముగా నుపయోగించువాఁడు. క్రీస్తు నట్టివాఁ డనఁ జెల్లునా? స్వామ్యము విడిచినా మనువారిపై నీ యుక్తియే యొక కత్తి.

మికాయేలు 1327 తుద నవిన్యోను చేరి, పోపుశాసనములను బరీక్షింపు మని విలియము నాజ్ఞాపించెను. విలియ మదివఱ కా శాసనములను జదువలేదు. పీఠమెక్కినవాఁడు మతవిరుద్ధ మగు మాటను శాసింపఁగలఁ డని నమ్ముట కిష్టపడనందునఁ జదువక యుంటి నని యాతఁడే 1334లో నస్సీసీయందలి సోదరులకు వ్రాసిన లేఖలోఁ దెలిపెను. చదివిన పిదప నాతని నిశ్చయము చలింపలేదు. 1328 మే 26వ తేది రాత్రి మికాయేలు, బెర్గామో బొనాగ్రాత్సియా, విలియము మొదలగువారు రహస్యముగా నవిన్యోను విడిచి, ఏగ్‌మోర్తు రేవునఁ బడవ నెక్కి, యిటలీ చేరిరి. జూను 6వ తేదిని వారిని వెలివేయుచు శాసనము వెలువడెను. పోపుతో విరోధించియున్న చక్రవర్తి బవేరియా లూయీ వారి కాశ్రయ మిచ్చెను. నీవు కత్తితో నన్ను రక్షింపుము, నేను లేఖినితో నిన్ను రక్షింతు నని విలియ మాతనితోఁ బలికె నను కథ పరంపరగా వచ్చుచున్నది కాని, యది తరువాతివారి కల్పన. 1330లో వారందఱును మ్యూనికు నగరమునకుఁ బోయి యచ్చటి తమ సంఘపు మఠమున నివసించిరి.

1329లోఁ బోపు జాను మికాయేలు వాదములను ఖండించుచు దీర్ఘశాసన మొకటి ప్రకటింపఁగా, విలియము దానిని వాక్యవాక్యముగా నుద్ధరించి ప్రత్యుత్తరము వ్రాసెను. తొంబదిదినములలో ముగించుటచే దానికిఁ దొంబదిదినముల గ్రంథ మని పేరు. ఆరంభముననే యాతఁడు వాదమునకుఁ దొడఁగక, ఉపయోగము, స్వామ్యము, అధికారము అను పదముల కెన్నెన్ని యర్థములు గలవో వివరించెను. ఉపయోగ మనఁగాఁ గొన్నియెడలఁ దినుట, త్రాగుట మున్నగు క్రియ; కొన్నియెడల న్యాయస్థానమునఁ జెల్లు నొక హక్కు. ఈ రెండర్థములను గలిపివేసినందుననే పోపుయుక్తికి బలము వచ్చిన దని యాతని సమాధానము. విందునకుఁ బిలువఁబడిన యతిథి యన్నమును దినును. కాని యా యన్నమునకై యజమానిపై వ్యాజ్యెము వేయఁజాలఁడు. ఆతఁడు తినుట యన్యాయ్యము కాదు, అనుమతిచేతఁ దినుచున్నాఁడు. అనుమతి వేఱు, వ్యాజ్యెమున నిలుచు నధికారము వేఱు. భిక్షువుల స్థితి యతిథిస్థితి వంటిది. అతిథి విస్తరిముందు గూర్చుండినంతమాత్రమున గృహస్థుఁ డగునా?

ఇంకొక యుక్తి మఱియు గమనింపఁదగినది. సంఘ మనునది కల్పితవ్యక్తి గనుక దానికిఁ దినుట మొదలగు వాస్తవక్రియ లుండవని పోపు వాదించెను. విలియము దీనిని ద్రోసిపుచ్చెను. సంఘ మనఁగా వ్యక్తులకంటె వేఱైన కల్పితవస్తువు కాదు. అది వాస్తవులగు మనుష్యులే. సంఘము కల్పిత మైనచో నదే న్యాయముచే ధర్మపీఠమును గల్పితమే కావలెను. అప్పుడు స్వామ్యము వహించున దెవ్వరు? మనుష్యులకంటె వేఱుగా మనుష్యత్వము లే దన్న తార్కికుఁడే సోదరులకంటె వేఱుగా సంఘము లే దనుట యాకస్మికము గా దని మాకుఁ దోఁచుచున్నది. సామాన్యసిద్ధాంతమునుండి యీ దారిద్ర్యవాద మనుమానముచే సిద్ధించు నని చెప్పరాదు. సామాన్యమును వస్తువుగా నంగీకరించిన భిక్షువులును మికాయేలు పక్షమున నుండిరి. కాని పద మొకటి యైనంతనే యర్థ మొకటి యనరా దను శిక్ష మాత్రము రెండు తావులను నొకటే.

మ్యూనికు దినములు

మ్యూనికులో విలియము దైవశాస్త్రతర్కములను దాదాపు విడిచి, రాజ్యధర్మమునుగూర్చియే వ్రాసెను. పడువా మార్సీలియుఁ డను పండితుఁడును నచ్చటనే యుండెను. ధర్మపీఠమునకు దండనాధికారమే లే దని మార్సీలియుఁడు 1324లో ముగించిన గ్రంథమున వాదించెను. విలియ మంత దూరము పోలేదు. పోపునకు దైవదత్తాధికారము గలదు. కాని యది మనుష్యులకు దైవమును బ్రకృతియు నొసఁగిన హక్కులను స్వాతంత్ర్యమును హరించునది గాదు. క్రైస్తవధర్మము స్వాతంత్ర్యధర్మము; పోపు కోరినదెల్ల నాజ్ఞాపింపఁగలఁ డన్నచో నది దాస్యధర్మ మగును. గురుశిష్యసంవాదరూపమున నాతఁడు రచించిన మహాగ్రంథమునఁ, బోపు మతము దప్పినచో నేమి చేయవలె నను విచారము ప్రధానము. పోపును, పండితసభయు, సకలాధికారులును దప్పినను, సత్య మొక్క వ్యక్తియందైన నిలిచియుండవచ్చు ననియు, ఆ వ్యక్తి స్త్రీయో శిశువో కావచ్చు ననియు నందు విచారింపఁబడినది. సత్యమునకు నిలయము పదవి గాదు, వ్యక్తి యను నీ మాట వెలివడిన భిక్షువు నోట వచ్చుట యర్థవంతము.

జాను 1334 డిసెంబరులోఁ జనిపోయెను. తరువాతి పోపులును నీ భిక్షువులను క్షమింపలేదు. మికాయేలు 1342లో మృతుఁడు కాఁగా సంఘముద్రిక విలియము చేతికి వచ్చెను. సంఘమునఁ బెద్దభాగము మాత్రము పూర్వమే పోపునకు లోఁబడి, క్రొత్తనాయకుల నెన్నుకొనియుండెను. 1347 ఏప్రిలులో విలియము మ్యూనికునఁ గన్నుమూసెను. 1349లో మహామారివలనఁ జనిపోయె నని పూర్వగ్రంథములలో నున్నది. నేఁటి పండితులు మొదటి తేదినే యంగీకరింతురు. ఆతని నాశ్రయించియుంచుకొనిన చక్రవర్తియు నదే సంవత్సరము అక్టోబరులోఁ జనిపోయెను.

ఉపసంహారము

ఆతని గ్రంథములకు నాశ్రయము పోలేదు. 1339లోఁ బారిసు విద్యాపీఠమువా రాతని మతమును బోధింపరా దని నియమించినను, ఆతని తర్క మైరోపా విద్యాపీఠములలో ‘నవ్యమార్గ’ మను పేర వ్యాపించెను. మన దేశమున నవ్యన్యాయ మన్నట్లే వా రీ పేరును బెట్టిరి. 1495లోఁ జనిపోయిన గాబ్రియేలు బీలు దాని కడపటి మహావ్యాఖ్యాత. మతసంస్కర్త యగు మార్టిను లూథరు ఎర్‌ఫర్టులో నా మార్గముననే శిక్షితుఁ డయ్యెను. విలియము రాజ్యధర్మగ్రంథములు కొన్ని 1940 మొదలు 1997 వఱకు నాలుగు సంపుటములుగాఁ బరిష్కృతము లైనవి. తర్కదైవశాస్త్రగ్రంథములు 1967 మొదలు 1988 వఱకుఁ బదునేడు సంపుటములుగా నమెరికాలో నాతని సంఘమువారిచేతనే ముద్రింపఁబడినవి. ఏ సంఘము నాఁ డాతనిని విడిచెనో, ఆ సంఘమే యాతని వాక్కును రక్షించి లోకమున కర్పించినది.

విలియమును నాస్తికుఁ డనియో, నేఁటి ప్రకృతిశాస్త్రమునకు జనకుఁ డనియో, సంస్కర్తలకుఁ బూర్వుఁ డనియో పొగడుట గాని తెగడుట గాని తగదు. ఆతఁడు కడవఱకు శాస్త్రవచనమును బ్రమాణముగాఁ గొన్న భిక్షువే. పోపు తప్పె నని యాతఁ డన్నదియు, పూర్వపుఁ బోపుల శాసనములను గ్రంథములను బ్రమాణముగాఁ జూపియే. ఆతని న్యాయ మల్పముగా మాటలాడుట గాదు. ఆతని గ్రంథములు చాల పెద్దవి. మాటయున్న ప్రతిచోటను వస్తువును గల్పింపకుండుట, ఒకే మాటలోని పెక్కర్థములను గలిపివేయకుండుట, కలిపివేసినవాఁ డెంత యధికారి యైనను దానిని జూపుట: ఇవియే యా న్యాయమునకు నంగములు. మొదటి రెండును దర్కపాఠము చెప్పు ప్రతిపండితుఁడును నేర్పఁగలఁడు. మూఁడవదానికై విలియము పీఠమును, స్వదేశమును, తన సంఘమునఁ బెద్దభాగపు స్నేహమును గోల్పోయెను. కత్తి యొక్క పదును చెప్పునపు డా వ్యయమునుగూడఁ జెప్పుట విద్యార్థులకు న్యాయము.